రోమ్‌లో చల్లని తీపి: ఏ పేటలో, ఏ వేళకు, ఏది ఎంచుకోవాలి

రోమ్ వెళ్లే తెలుగు కుటుంబాలు కొలోసియం టికెట్లు, వాటికన్ మ్యూజియం టికెట్లు చాలా ముందుగానే కొని పెట్టుకుంటాయి. ఏ రోజు ఏ చర్చి చూడాలో, ఎక్కడ మెట్రో ఎక్కాలో కాగితం మీద రాసుకుంటాయి. చల్లని తీపి విషయానికి వచ్చేసరికి మాత్రం ఆ జాగ్రత్త అంతా గాలికి పోతుంది. కాళ్లు ఎక్కడ మొరాయిస్తే అక్కడ కనబడిన దుకాణంలో, పిల్లలు వేలు పెట్టి చూపించిన రంగును కొనేయడమే జరుగుతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేసిందీ అదే. త్రేవి ఫౌంటెన్‌కు కూతవేటు దూరంలో, అద్దాల వెనుక గోపురాల్లా ఎత్తుగా పేర్చిన జెలాతోను, అంటే ఇటలీ వారి ఐస్‌క్రీమ్‌ను, చూసి ముచ్చటపడి, గోడ మీది ధరల పట్టిక చదవకుండా ఒక కోన్ అడిగాను. అమ్మే అతను అంచుకు చాక్లెట్ పూసిన పెద్ద వేఫర్ కోన్ తీసి, మూడు రకాలు నింపి, చేతిలో పెట్టాక 11 యూరోలు అన్నాడు. నోట్లో పెట్టుకుంటే చక్కెర, రంగు, సెంటు వాసన తప్ప మరేమీ తగలలేదు. మర్నాడు మరో పేటలో అందులో మూడో వంతు ధరకు పిస్తా జెలాతో తిన్నాక, ముందు రోజు కడుపును ఎంత వృథాగా నింపుకున్నానో తెలిసివచ్చింది.

అప్పటి నుంచి రోమ్‌కు వెళ్లే బంధువులు "అన్నిటికన్నా మంచి దుకాణం ఏది?" అని అడిగినప్పుడు నేను సూటిగా ఒక పేరు చెప్పడం మానేశాను. మీరు నగరంలో ఏ మూల ఉన్నారు, ఎండ ఎంత ఉంది, వెంట ఎంతమంది ఉన్నారు, వారిలో గుడ్డు తిననివారు ఉన్నారా అన్న నాలుగు సంగతులు తెలిస్తేనే జవాబు కుదురుతుంది. ఎందుకంటే ఈ నగరంలో చల్లని తీపి అంటే జెలాతో ఒక్కటే కాదు. మంచును గీరి పాకం పోసే గ్రత్తాకెక్కా ఉంది, కాఫీని గడ్డకట్టించి మీగడతో ఇచ్చే గ్రానీతా ఉంది, చాక్లెట్ ఉండలాంటి తార్తూఫో ఉంది, సగం గడ్డకట్టిన సెమిఫ్రెద్దో ఉంది. వీటిలో ఒకదాని పని మరొకటి చేయదు.

ముందు జెలాతో సంగతి చూద్దాం. మన దేశంలో ఆహార ప్రమాణాల సంస్థ నియమాల ప్రకారం మామూలు ఐస్‌క్రీమ్‌లో పాల కొవ్వు కనీసం 10 శాతం ఉండాలి. పాల కొవ్వుకు బదులు నూనెలతో, వనస్పతి కొవ్వుతో చేసినదాన్ని ఫ్రోజెన్ డెజర్ట్ అనే పేరుతోనే అమ్మాలి. జెలాతోలో మీగడ తక్కువ, పాలు ఎక్కువ కాబట్టి కొవ్వు సాధారణంగా 4 నుంచి 8 శాతం మధ్య ఉంటుంది. కొవ్వు తక్కువైతే రుచి తగ్గాలి కదా అని అనుమానం వస్తుంది. నిజానికి కొవ్వు నాలుక మీద పొరలా పరుచుకుని మిగతా రుచులను కొంత మూసేస్తుంది, ఆ పొర పలచబడినప్పుడు పిస్తా పిస్తాలాగా, నిమ్మ నిమ్మలాగా సూటిగా తెలుస్తాయి. రెండో తేడా గాలి. ఫ్యాక్టరీ ఐస్‌క్రీమ్‌లో ఒక లీటరు మిశ్రమాన్ని గాలి ఎక్కించి దాదాపు రెండు లీటర్లు చేయగలరు, జెలాతోను నెమ్మదిగా తిప్పుతారు కనుక ఒక లీటరు మహా అయితే లీటరుంపావు, లీటరున్నర మధ్య ఆగిపోతుంది. మూడోది చలి. మన ఫ్రీజరు సున్నాకు దిగువన 18 డిగ్రీల దగ్గర ఉంటే, జెలాతో పెట్టెను సున్నాకు దిగువన 12, 14 డిగ్రీల మధ్య ఉంచుతారు. అందుకే దాన్ని గుండ్రని స్కూప్‌తో తీయరు, బల్లపరుపుగా ఉండే గరిటెతో మెదిపి కోన్‌కు పూస్తారు. నాలుక మొద్దుబారదు కాబట్టి మొదటి ముద్దకే రుచి అందుతుంది. మొజంజాహీ మార్కెట్లో చేతితో తిప్పి చేసిన సీతాఫలం ఐస్‌క్రీమ్ తిన్నవారికి ఈ దట్టదనం కొంత పరిచయమైనదే.

ఈ మూడు సంగతులూ తెలిస్తే, డబ్బు ఇవ్వకముందే కంటితో సగం పరీక్ష పూర్తి చేయవచ్చు. గాలి తక్కువగా ఉండి, అంత తక్కువ చలిలో ఉంచిన మెత్తని పదార్థం పళ్లెం అంచు దాటి అడుగున్నర ఎత్తు గోపురంలా నిలబడలేదు. నిలబడిందంటే అందులో గాలో, వనస్పతి కొవ్వో, చిక్కబరిచే పొడులో, లేదా అన్నీ కలిసో ఉన్నాయని అర్థం. పైన నిలువెత్తు బిస్కెట్టు గుచ్చి, పండ్లు అలంకరించి ఉంటే ఇంకా అనుమానించాలి. మంచి దుకాణాల్లో జెలాతో స్టీలు పళ్లెంలో అంచుకు సమానంగానో, ఇంకా లోతుగానో ఉంటుంది. కొన్నిచోట్ల అసలు కనిపించదు: పొజ్జెత్తి అనే గుండ్రని లోతైన స్టీలు గుంటల్లో పోసి, పైన మూతలు పెడతారు. ఏముందో చూడకుండా ఎలా కొనాలని మనకు అనిపిస్తుంది గాని, వెలుతురు, గాలి తగలకుండా ఉంచే ఈ పాత పద్ధతి రుచిని కాపాడుతుంది. అద్దాల పెట్టె కొనేవారి కంటికోసం, మూత పెట్టిన గుంట జెలాతో కోసం అనుకుంటే సరిపోతుంది.

రంగుల్లో ముందుగా పిస్తాను చూడండి. వేయించి మెత్తగా నూరిన పిస్తా పప్పు పాలలో కలిస్తే కరివేపాకు పొడిని పాలలో కలిపినట్లు ఒక మట్టి ఆకుపచ్చ వస్తుంది. చూడటానికి ఏమంత ముచ్చటగా ఉండదు. చిలకపచ్చగా మెరుస్తూ ఉన్నది పిస్తా పేరు పెట్టుకున్న రంగు మాత్రమే, దాన్ని వాసన చూస్తే తరచుగా బాదం ఎసెన్సు కొడుతుంది. సిసిలీలో ఎత్నా అగ్నిపర్వతం వాలున ఉన్న బ్రొంతే ఊరి పిస్తాకు ప్రత్యేకమైన పేరుంది, ఐరోపా సమాఖ్య దానికి ప్రాంతీయ రక్షణ గుర్తింపు కూడా ఇచ్చింది. అయితే అక్కడి చెట్లు ఏడాది విడిచి ఏడాది, బేసి సంఖ్య సంవత్సరాల్లోనే కోతకు వస్తాయి కాబట్టి ఆ సరుకు పరిమితం, ఖరీదు ఎక్కువ. అన్ని రకాలకూ ఒకే ధర పెట్టిన దుకాణంలో బోర్డు మీద బ్రొంతే అని కనిపించినా నమ్మడానికి ముందు ఆ రంగు చూడాలి. అరటి పండు జెలాతో బూడిద తెలుపులో ఉండాలి, పసుపు ఉండకూడదు, ఎందుకంటే మనం తినే గుజ్జు పసుపు కాదు, తొక్కే పసుపు. పుదీనాను పాలలో నానబెట్టి తీస్తే తెల్లగానే ఉంటుంది. ఇక నీలిరంగు విషయం చెప్పనక్కరలేదు, అలాంటి పండు ఏ చెట్టుకూ కాయదు. పిల్లలు అదే కావాలని మారాం చేస్తే కొనిపెట్టండి గాని, మీ వాటా మరోచోట తినండి.

"ఆర్తిజానాలే" అంటే చేతి పనితనంతో చేసినదని అర్థం. ఈ మాట రోమ్‌లో మూడు దుకాణాలకు రెండింటి మీద కనిపిస్తుంది. తయారు పొడి సంచి విప్పి పాలలో కలిపి యంత్రంలో తిప్పినవారు కూడా ఆ పలకే తగిలిస్తారు, కాబట్టి దానికి విలువ ఇవ్వవద్దు. దానికన్నా నమ్మదగింది దినుసుల పట్టిక. ఐరోపా నియమాల ప్రకారం అలెర్జీ కలిగించే పదార్థాల వివరం కొనేవారికి అందుబాటులో ఉంచాలి, మంచి దుకాణాల్లో అది గోడ మీదో, బల్ల మీద ఫైలుగానో ఉంటుంది. పాలు, మీగడ, చక్కెర, పప్పు, పండు అన్న నాలుగైదు మాటలతో పట్టిక ముగిస్తే ధైర్యంగా కొనవచ్చు. పండ్ల రకాలు రుతువును అనుసరించి మారుతున్నాయా అన్నది మరో గుర్తు. వసంతంలో స్ట్రాబెర్రీ, వేసవి చివర అంజూర, చలికాలంలో నారింజ కనిపించే చోట వంటగది నిజంగా పనిచేస్తోందని లెక్క.

రుచి పరీక్షకు నాదొక సులువైన పద్ధతి ఉంది. కొత్త దుకాణంలో మొదటిసారి రెండే రకాలు తీసుకుంటాను: ఫియోర్ ది లాత్తే, పిస్తా. ఫియోర్ ది లాత్తే అంటే పాలు, మీగడ, చక్కెర తప్ప ఏమీ లేని తెల్లని జెలాతో. దాచుకోవడానికి చాక్లెట్టు గాని, వనిల్లా వాసన గాని ఉండదు కాబట్టి పాలు మంచివో కావో అక్కడే బయటపడుతుంది. మింగిన తరువాత నాలుక మీద మైనంలా జిడ్డు మిగిలినా, అర నిమిషానికి గొంతు ఎండి నీళ్లు కావాలనిపించినా ఆ దుకాణానికి మళ్లీ వెళ్లను.

ఇక దుకాణాల పోలిక. రోమ్‌లో పాత తరం, కొత్త తరం అని రెండు వర్గాలు స్పష్టంగా కనిపిస్తాయి. పాత తరంలో రెండు పేర్లు ముఖ్యం. జొలీత్తి పాంథియోన్‌కు అయిదు నిమిషాల నడకలో, పార్లమెంటు దిగువ సభ ఉన్న మోంతెచితోరియో భవనం పక్క వీధిలో ఉంది, నూరేళ్లు దాటిన కుటుంబ వ్యాపారం. పాలరాతి బల్లలు, తెల్ల కోటు వేసుకున్న పనివారు, అరవై డెబ్భై రకాల వరుస, గుంపులు గుంపులుగా జనం. ఫాస్సీ వారి చరిత్ర 1880లో మొదలైంది. "చలి భవనం" అని అర్థం వచ్చే పలాజ్జో దెల్ ఫ్రెద్దో పేరుతో ఎస్క్విలీనో పేటలో ఇప్పుడున్న పెద్ద హాలును 1928లో కట్టారు. పాత యంత్రాలు ఇప్పటికీ హాల్లో ప్రదర్శనకు పెట్టి ఉంటాయి.

ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను ఫాస్సీ అంటాను. జొలీత్తి ఊరి నడిబొడ్డున ఉన్నందువల్ల అక్కడ తోపులాట తప్పదు, ఆ రద్దీలో రకాల పేర్లు చదువుకునే తీరిక ఉండదు, కొన్ని రకాలు బాగుంటే కొన్ని సాదాగా ఉంటాయి. అక్కడికి ఆ హాలు చూడటానికి వెళ్లాలి, రుచిలో చాక్లెట్టు, పండ్ల రకాలు మాత్రం నిరాశపరచవు. ఫాస్సీ పెద్ద రైల్వే స్టేషన్ తెర్మినీ నుంచి పావుగంట నడకలో, పర్యాటకులు తక్కువగా తిరిగే పేటలో ఉంది. కూర్చోవడానికి విశాలమైన చోటు ఉంది, ధర నడి ఊరికన్నా తక్కువ. పైగా తెలుగు నాలుకకు అక్కడ ఒక ప్రత్యేకమైన ఆకర్షణ కాచుకుని ఉంటుంది: అన్నంతో చేసిన రీజో జెలాతో. పాలలో ఉడికిన బియ్యపు గింజలు మెత్తగా, అక్కడక్కడ పంటికి తగులుతూ, ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తీసిన పరమాన్నాన్ని గుర్తుచేస్తాయి. యాలకులు వేసి ఉంటే పూజ నైవేద్యమే అనుకునేవాణ్ణి. అక్కడి మరో ప్రత్యేకత సంపియెత్రీనో, రోమ్ వీధులకు పరిచిన నల్లని చదరపు రాళ్ల పేరు పెట్టుకున్న చిన్న సెమిఫ్రెద్దో. చాక్లెట్ పొర కప్పిన ఆ ముక్క రెండు కొరుకులకు అయిపోతుంది, కోన్ మొత్తం తినలేని పెద్దవారికి సరిగ్గా సరిపోతుంది. ఎస్క్విలీనోలోనే పియాజ్జా విత్తోరియో చుట్టుపక్కల భారతీయ, బంగ్లాదేశీ పచారీ కొట్లు ఉన్నాయి కాబట్టి, కంది పప్పుకో పచ్చిమిరపకాయలకో ఆ వైపు వెళ్లేవారికి ఇది దారిలోనే పడుతుంది.

కొత్త తరం వారి పద్ధతి వేరు: రకాలు తక్కువ, దినుసుల మీద పట్టుదల ఎక్కువ, హాలు దాదాపు ఉండదు, నిలబడో నడుస్తూనో తినాలి. ప్రాతి పేటలోని గ్రాక్కి చిన్న కొట్టు. వాటికన్ వైపు నుంచి ఇరవై నిమిషాలు నడవాలి, కాని పిస్తా కోసం నేను మళ్లీ మళ్లీ నడిచిన దుకాణం అదే. వేయించిన పప్పు వాసన ముందు వస్తుంది, తీపి తరువాత వస్తుంది, చివర ఉప్పు చిటికెడు తగిలినట్లుంటుంది. వాటికన్ మ్యూజియం గోడకు ఎదురుగానే ఉన్న ఓల్డ్ బ్రిడ్జ్ పెద్ద వాటాలకు, తక్కువ ధరకు పేరు పడింది. మూడు గంటలు నడిచి బయటికి వచ్చిన పిల్లలకు అది చాలు, రుచి కోసం అయితే ఆ ఇరవై నిమిషాల నడకే మేలు.

ఫాతమోర్గానా స్థాపకురాలు మరీయా అన్యేజే స్పన్యూవొలో తులసి జాతి ఆకు బాసిలికోను, అక్రోటును, తేనెను కలిపి చేసే జెలాతోతో పేరు తెచ్చుకున్నారు. అక్కడ కోన్‌తో సహా ఏదీ గోధుమ తగలకుండా చేస్తారు, గ్లూటెన్ పడనివారికి రోమ్‌లో ఇంతకన్నా నిశ్చింతైన చోటు నాకు తెలియదు. కొలోసియం నుంచి పావుగంటలో చేరే మోంతి పేటలోనూ, త్రస్తేవెరేలోనూ దీని కొట్లున్నాయి. పియాజ్జా నవోనాకు దగ్గరి కొరొనారి వీధిలోని జెలాతేరియా దెల్ తెయాత్రోలో తయారీ గదిని అద్దంలోంచి చూడవచ్చు. అక్కడి సేజ్ ఆకు, రాస్ప్‌బెర్రీ కలిసిన రకం వినడానికి వింతగా ఉన్నా తినడానికి చక్కగా ఉంటుంది. వింత రకాల విషయంలో నా అభిప్రాయం ఒకటే: వాటిని రెండో రకంగా తీసుకోండి, పక్కన ఒక మామూలు రకం ఉంచుకోండి. పొగాకు వాసన ఉన్న చాక్లెట్టును, గొర్గొంజోలా చీజ్ జెలాతోను కోన్ నిండా తిని గెలిచామని చెప్పుకోవడంలో నాకు ఆనందం కనిపించలేదు. త్రస్తేవెరేలోని ఒతాలెగ్ గురించి కూడా చెప్పాలి. పేరు తిరగేసి చదివితే జెలాతో, లోపల మాత్రం ఏదీ తిరగబడలేదు. తెర్మినీకీ బోర్గేసే తోటకీ మధ్యనున్న కోమె ఇల్ లాత్తేలో కోన్ అడుగున కరిగిన చాక్లెట్టు పోసి పైన జెలాతో పెడతారు. చివరి కొరుకుదాకా ఆశ నిలిపే ఆ ఏర్పాటుకు పిల్లలే కాదు, నేనూ పడిపోయాను.

గొలుసు దుకాణాల మీద నాకు పంతం లేదు. గ్రోమ్ 2003లో తొరీనోలో మొదలై 2015లో యూనిలీవర్ చేతికి వెళ్లింది. వెంకి 1878 నాటి తొరీనో చాక్లెట్ సంస్థ, హేజల్‌నట్, చాక్లెట్ రకాలు దాని బలం. ఎక్కడ కొన్నా ఒకే రుచి, దినుసుల వివరం స్పష్టం, ధర కాస్త ఎక్కువ. స్పానిష్ మెట్ల దగ్గర అలసిపోయి, చుట్టూ రంగుల గోపురాలే కనిపిస్తున్నప్పుడు వెంకిలోకి దూరడం తెలివైన పనే. పావుగంట నడిచే ఓపిక ఉంటే మాత్రం ఇక్కడ ఆగనక్కరలేదు.

జూలై, ఆగస్టు నెలల్లో రోమ్ ఎండ మన రాయలసీమ వేసవికి అంత తీసిపోదు. మిట్టమధ్యాహ్నం జెలాతో కొన్నారంటే తినడం కన్నా మోచేయి తుడుచుకోవడమే ఎక్కువ అవుతుంది, పాలు, చక్కెర కలిసి దాహాన్ని ఇంకా పెంచుతాయి. ఆ వేళకు తగినది గ్రత్తాకెక్కా. తైబర్ నది గట్టున ఉన్న చిన్న కియోస్కుల్లో దీన్ని అమ్ముతారు, ఎండాకాలంలో మాత్రమే. తైబర్ ద్వీపం దగ్గరి సోరా మిరెల్లా, గట్టు వెంట ఇంకాస్త ముందుకు వెళితే 1913 నాటిదైన అల్లా ఫోంతే దోరో ఇందులో పేరున్నవి. పెద్ద మంచు దిమ్మను ఇనుప పనిముట్టుతో చేత్తో గీరి, ఆ తురుమును గ్లాసులో కూరి, పైన పాకాలు పోసి, పండ్ల ముక్కలు వేస్తారు. మన ఐస్ గోళాకు వరసకు అన్నదమ్ముడే గాని, పుల్లకు గుచ్చరు, చెంచా, గొట్టం రెండూ ఇస్తారు. పాకాల వరుసలో చెర్రీ, పుదీనా, నిమ్మ, బాదం పాలలాంటి ఒర్జాతాతో పాటు తమరిందో కనిపిస్తే ఆశ్చర్యపోకండి, అది మన చింతపండే. చింతపండు పాకం, నిమ్మరసం, పైన కొబ్బరి ముక్కలు అని చెప్పి తీసుకుంటే, పులిహోర తిని పెరిగినవారికి ఆ పులుపు పరాయిగా తోచదు. మంచు గరుకుగా ఉండాలి. యంత్రంలో పొడిలా ఆడించినది అయితే నిమిషంలో నీరై అడుగున రంగు నీళ్లు మిగులుతాయి. పాలు, గుడ్డు ఏవీ లేనందువల్ల నియమాలు పాటించేవారు కూడా దీన్ని నిశ్చింతగా తినవచ్చు.

గ్రానీతాకూ దీనికీ తేడా తెలియక చాలామంది తికమక పడతారు. గ్రానీతాలో రుచి కలిసిన నీటినే కలుపుతూ గడ్డకట్టిస్తారు, కాబట్టి ప్రతి స్ఫటికంలోనూ రుచి ఉంటుంది. గ్రత్తాకెక్కాలో మంచు మంచే, రుచి పైన పోసినదే. రోమ్‌లో గ్రానీతా తినాలంటే పాంథియోన్ దగ్గరి తాజ్జా దోరో కాఫీ కొట్టులో కాఫీ గ్రానీతానే తినాలి. ప్లాస్టిక్ గ్లాసు అడుగున చక్కెర తక్కువ వేసి గిలకొట్టిన మీగడ, మధ్యలో నల్లని కాఫీ స్ఫటికాలు, పైన మళ్లీ మీగడ. చెంచా నిలువుగా అడుగుదాకా దించి మూడు పొరలూ ఒకేసారి తీయాలి, పైపైన తింటూ పోతే మొదట మీగడ అయిపోయి చివర చేదు మిగులుతుంది. ఫిల్టర్ కాఫీ అలవాటున్నవారికి ఆ చేదు వెనుక వచ్చే మీగడ చల్లదనం వెంటనే నచ్చుతుంది. దీన్ని నేను జెలాతోకు పోటీగా చూడను, మధ్యాహ్నం భోజనం తరువాత కాఫీకి బదులుగా చూస్తాను. రాత్రి తింటే నిద్ర పట్టదు.

తార్తూఫో కోసం పియాజ్జా నవోనాలోని త్రె స్కలీని ప్రసిద్ధం, 1946లో అక్కడే రూపుదిద్దుకున్నదని వారి ప్రతీతి. ముదురు చాక్లెట్టు జెలాతోను ముక్కలు చేసిన చాక్లెట్టులో పొర్లించి, మధ్యలో చెర్రీ దాచి, పైన మీగడ పెడతారు. చాలా బరువైన తీపి, ఇద్దరికి ఒకటి చాలు. చౌకు వైపు బల్లల దగ్గర కూర్చుంటే బెర్నీని నాలుగు నదుల ఫౌంటెన్ ఎదురుగా ఉంటుంది, అందుకు తగ్గట్టు బిల్లు కూడా ఉంటుంది. లోపల నిలబడో, కట్టించుకునో తింటే ధర బాగా తగ్గుతుంది. ఇటలీ అంతటా ఇదే లెక్క, బల్ల దగ్గరి ధర వేరు, నిలబడి తినే ధర వేరు.

గుడ్డు తినని కుటుంబాలకు నాలుగు మాటలు చెప్పాలి. క్రేమా అని రాసి ఉన్న పసుపు జెలాతోలో గుడ్డు సొన ఉంటుంది. జబయోనేలో గుడ్డుతో పాటు మర్సాలా వైన్ కూడా ఉంటుంది, ఎండు ద్రాక్షల మాలగాలో రమ్ కలుస్తుంది, తిరమిసూ, జుప్పా ఇంగ్లేజె పేర్లున్న రకాల్లో గుడ్డు, మద్యం రెండూ ఉండే అవకాశం ఎక్కువ. ఫియోర్ ది లాత్తే, చాక్లెట్టు పలుకులు కలిపిన స్త్రాచ్చతెల్లా, పిస్తా, హేజల్‌నట్‌తో చేసే నొచ్చోలా రకాల్లో చాలాచోట్ల గుడ్డు ఉండదు గాని, ప్రతి దుకాణంలోనూ "సెన్సా ఉవోవా?", అంటే గుడ్డు లేనిదేనా, అని అడిగి, పట్టికలో ఉవోవా అన్న మాట లేదని చూసుకోవడం మంచిది. సొర్బెత్తో అంటే పండు, నీరు, చక్కెరలతో పాలు లేకుండా చేసినది. ఒకే గరిటెతో అన్నీ తీస్తారేమో అన్న పట్టింపు ఉన్నవారు గరిటె మార్చమని అడగవచ్చు, ఎవరూ తప్పుగా తీసుకోరు. సెమిఫ్రెద్దో విషయంలో మాత్రం గుడ్డు ఉన్నట్లే భావించి పక్కకు జరగండి.

కొనే పద్ధతి కూడా తెలిసి ఉండాలి. రద్దీగా ఉండే పాత దుకాణాల్లో ముందు గల్లా దగ్గర కోన్ లేదా కొప్పెత్తా, అంటే కప్పు, ఏ పరిమాణం కావాలో చెప్పి డబ్బు కట్టి, స్కొంత్రీనో అనే రసీదు పట్టుకుని అవతలి బల్ల దగ్గరకు వెళ్లాలి. రసీదు లేకుండా వరుసలో నిలబడి చివరకు వెనక్కు పంపబడిన తెలుగువారిని నేను చూశాను, ఒకసారి ఆ వరుసలో నేనే ఉన్నాను. చిన్న పరిమాణం సాధారణంగా 3, 4 యూరోల మధ్య ఉంటుంది, అందులోనే రెండు రకాలు పెడతారు. రెండింటికి మించి కలపవద్దు, ఒకటి పప్పు జాతిదైతే మరొకటి పాలదో చాక్లెట్టుదో తీసుకోండి, నిమ్మను పిస్తా పక్కన పెట్టించుకోవద్దు. "పాన్నా?" అని అడిగితే పైన మీగడ కావాలా అని అర్థం. కొన్ని పాత దుకాణాల్లో అది ఉచితం, కొన్నిచోట్ల అదనం. తిన్న తరువాత దాహానికి సీసా కొనక్కరలేదు, 1874 నుంచి వీధుల్లో నిలబడి ఉన్న నసోని అనే ఇనుప కుళాయిల్లో నిరంతరం చల్లని తాగునీరు వస్తూ ఉంటుంది, చేతుల జిడ్డూ అక్కడే కడుక్కోవచ్చు. స్పానిష్ మెట్ల మీద మాత్రం కోన్ పట్టుకుని కూర్చోవద్దు. 2019 నుంచి అక్కడ కూర్చోవడమే నిషిద్ధం, జరిమానా 400 యూరోలదాకా ఉంటుంది.

ఒక్క రోజే ఉంటే ఇలా సర్దుకోమంటాను. ఉదయం వాటికన్ చూసినవారు గ్రాక్కికి నడిచి పిస్తా తినాలి. కొలోసియం చూసినవారు మోంతిలోని ఫాతమోర్గానాకు వెళ్లాలి. మధ్యాహ్నం పాంథియోన్ దగ్గర ఉంటే కాఫీ గ్రానీతా, నది గట్టున ఉండి ఎండ మండుతుంటే చింతపండు గ్రత్తాకెక్కా. రాత్రి భోజనం తరువాత రోమ్ వాసులతో పాటు నడుస్తూ త్రస్తేవెరేలోనో కొరొనారి వీధిలోనో చివరి కోన్. రెండో రోజు కూడా ఉంటే సాయంత్రం ఫాస్సీకి కేటాయించాలి. జొలీత్తి, తార్తూఫో దారిలో పడితే సరే, వాటి కోసం దారి మళ్లవద్దు.

నలుగురైదుగురు కలిసి అపార్ట్‌మెంటు తీసుకుని దిగినవారికి కోన్‌లకన్నా లాభసాటి మార్గం వస్కెత్తా. చాలా జెలాతేరియాల్లో అర కిలో, కిలో లెక్కన థర్మోకోల్ డబ్బాలో నింపి, మూత బిగించి, కాగితం చుట్టి ఇస్తారు, అరగంట ప్రయాణానికి చెక్కుచెదరదు. డబ్బా చిన్నదైనా నాలుగు రకాలు అడగవచ్చు, మొత్తం ధర నాలుగు కోన్‌లకన్నా తక్కువ పడుతుంది. గదిలో ఫ్రీజరులో పెట్టాక అది రాయిలా బిగుస్తుంది, చెంచా వంగిపోతుంది. తినడానికి పది నిమిషాల ముందు తీసి బల్ల మీద ఉంచి, చెంచా వెనుక భాగంతో రెండుసార్లు మెదిపి వడ్డించండి. అందులో అన్నం జెలాతో ఉంటే మరో అయిదు నిమిషాలు ఆగాలి, గింజలు మెత్తబడటానికి ఆ మాత్రం సమయం పడుతుంది.